నొప్పి తగ్గితే చాలదా?

బార్డోలీ చుట్టుపక్కల చెరుకు కోతలు మొదలైతే నా దగ్గరికి వచ్చే మనుషుల బాధలు మారిపోతాయి. కూలి లెక్కల తగాదాలతో పాటు నడుము నొప్పులు, మోకాళ్ల నొప్పులు కూడా వస్తాయి. డాంగ్ అడవుల నుంచీ, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచీ వచ్చి కోయితా పట్టి రోజంతా వంగి నరికేవాళ్లు వీళ్లు. ఇక్కడికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో సూరత్. అక్కడ లింబాయత్ వైపు, తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఉన్నాయి. వాళ్లవి సాంచాల నొప్పులు. గంటల తరబడి నిలబడి గుంజుకుపోయిన పిక్కలు, పట్టేసిన మెడ, చప్పుడుకు బద్దలయ్యే తల.

ఆ బస్తీలో ఒక తమ్ముడు ఆక్యుపంక్చర్ శిబిరానికి పోయి వచ్చాడు. సంగతి చెబితే నేను నవ్వి, అది శాస్త్రం కాదులే అన్నాను. అతను నవ్వలేదు. “అన్నా, ఆర్నెల్ల సంది గోలీలు మింగిన. సూదులు వెట్టినంక కడుపునిండ నిద్ర వట్టింది. మీరు అది ఉత్తదంటరు. మరి నా నొప్పి తగ్గుడు సుత ఉత్తదేనా?”

నేను లా చదువుకున్నవాణ్ణి. సాక్షిని విచారించకుండా తీర్పు చెప్పకూడదని నాకు తెలుసు. ఆ రోజు నేను చేసింది సరిగ్గా అదే. ఈ నాలుగు మాటలూ అతనికి నేను బాకీపడిన జవాబు.

ముందు, చైనా వైద్యం మనిషిని ఎలా చూస్తుందో తెలుసుకుందాం. ఆ వైద్యుడికి నాలుగు పరీక్షలు: చూడడం, వినడం, అడగడం, తాకడం. వినడంలోనే వాసన పట్టడం కూడా కలిసి ఉంటుంది. నాలుక రంగు, దాని మీద పూత చూస్తాడు. నిద్ర, ఆకలి, చెమట, విరేచనం, దిగులు అన్నీ అడుగుతాడు. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి నాడి చూస్తాడు. జబ్బు పేరు తర్వాత సంగతి.

తలనొప్పినే తీసుకోండి. కణతల్లో పుట్టేది ఒకటి, నుదుటి మీద బరువుగా కూర్చునేది ఒకటి, మెడ వెనుక నుంచి పైకి పాకేది ఇంకొకటి. మనకు మూడూ తలనొప్పులే. వాళ్ల లెక్కలో అవి మూడు వేర్వేరు దారులకు చెందినవి. నడుము నొప్పీ అంతే. వాన ముసురుకు పెరిగితే చలి, తేమ పట్టిందంటారు. ఒకేచోట పొడిచినట్టుంటే దెబ్బ వల్లనో శ్రమ వల్లనో రక్తం నిలిచిందంటారు. సన్నగా లాగుతూ, పడుకుంటే తగ్గుతుంటే లోపలి సత్తువ తరిగిందంటారు. ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి 12 ముఖ్యమైన దారుల్లో తిరుగుతుందనీ, అది ఆగినచోట నొప్పి పుడుతుందనీ వాళ్ల సిద్ధాంతం. ఆ దారుల మీది బిందువుల్లో సన్నని సూదులు గుచ్చి ప్రవాహాన్ని కదిలించడమే ఆక్యుపంక్చర్. నడుముకు మోకాలి వెనుక మడతలో ఒక బిందువు. తలనొప్పికి, పంటినొప్పికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒకటి. గర్భిణులకు దాన్ని వాడరు. అరగకపోతే మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, ముంగాలి ఎముకకు బయటి పక్కన ఒకటి. వాంతికి మణికట్టు మడతకు మూడు వేళ్ల పైన, రెండు నరాల మధ్య ఒకటి. చలి పట్టిందనుకుంటే మన మాచిపత్రి జాతి మొక్క ఆకును ఎండబెట్టి, నలిపి, కాల్చి ఆ బిందువు దగ్గర సెగ పెడతారు.

ఒక సంగతి మాత్రం నన్ను ఆపింది. ఈ వైద్యుడు నొప్పికి కారణాలను గాలిలో, చలిలో, తేమలో, తిండిలో, శ్రమలో, దుఃఖంలో వెతుకుతాడు. సంయుత్త నికాయలో శివకుడనే పరివ్రాజకుడు భగవానుణ్ణి అడుగుతాడు: మనిషి అనుభవించే ప్రతి సుఖదుఃఖమూ పూర్వకర్మ ఫలమేనా అని. కాదంటాడు తథాగతుడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం అంటూ ఒక్కొక్కటీ లెక్కపెట్టి, కర్మను ఎనిమిదో కారణంగా చెబుతాడు. రోగం చేసుకున్న పాపమని తరాలుగా విన్న జాతులకు ఇది చిన్న మాట కాదు. కారణాలు లోకంలోనే ఉంటే, వాటిని పరీక్షించవచ్చు, మార్చవచ్చు.

సూది వైద్యానికీ మన సంఘానికీ పాత పరిచయమే ఉంది. 7వ శతాబ్దంలో నలంద విహారంలో ఏళ్ల తరబడి చదువుకున్న భిక్షువు ఇత్సింగ్, నాడి చూడడంలో, సూదులు గుచ్చడంలో తన దేశాన్ని మించినది జంబూద్వీపంలో లేదని రాసుకున్నాడు. అదే శతాబ్దపు చైనా వైద్యుడు సున్ సిమియావ్ 652 నాటి తన గ్రంథంలో, రోగి ధనికుడా పేదా, మిత్రుడా శత్రువా అని చూడక అందరినీ కరుణతో ఒకేలా చూడాలని వైద్యులకు నియమం పెట్టాడు. అందులో బౌద్ధ ప్రభావం స్పష్టంగా ఉంది. ఇక మన కాలంలో, 1938లో మన దేశం నుంచి చైనాకు వెళ్లిన ఐదుగురు వైద్యుల్లో సోలాపూర్‌లో పుట్టిన ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశాడు. తోటివాడు బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1950ల చివర దాన్ని కలకత్తాకు తెచ్చాడు.

పాతదనం రుజువు కాదు. పెద్దలు చెప్పారనో, గ్రంథంలో ఉందనో నమ్మవద్దని కాలాములకు చెప్పిన మాట చైనా గ్రంథాలకూ వర్తిస్తుంది. శరీరాన్ని కోసి చూసిన శాస్త్రజ్ఞులకు ఆ 12 దారులు కనిపించలేదు. మరి నొప్పి ఎలా తగ్గింది?

జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగులను మూడు జట్లుగా విడదీసి పరీక్షించారు. ఫలితాలు 2007లో వచ్చాయి. ఒక జట్టుకు చైనా పద్ధతిలో అసలు బిందువుల్లో సూదులు. రెండో జట్టుకు బిందువులు కానిచోట, పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులు. మూడో జట్టుకు మామూలు వైద్యం: మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత మేలు కనిపించింది మొదటి జట్టులో 47.6 శాతానికి, రెండో జట్టులో 44.2 శాతానికి, మూడో జట్టులో 27.4 శాతానికి.

సూదిని నమ్మేవాళ్లు మొదటి అంకెనూ చివరి అంకెనూ చూపిస్తారు. నమ్మనివాళ్లు మొదటి రెండు అంకెలనూ చూపిస్తారు. మూడూ కలిపి చూడాలి. ఎక్కడ గుచ్చారన్నది దాదాపు లెక్కలోకి రాలేదు. కానీ ఉత్తుత్తి సూది కూడా మామూలు వైద్యం కంటే ఎక్కువమందికి మేలు చేసింది. సూది పోటుకు ఒళ్లు స్పందించి ఉండవచ్చు. నమ్మకం పనిచేసి ఉండవచ్చు. నేను ఇంకొకటి కూడా అనుకుంటాను. ఆ రెండు జట్లలోనూ ఒక మనిషి రోగి పక్కన కూర్చున్నాడు, ఒంటి మీద చెయ్యి వేశాడు, అరగంట ఇచ్చాడు.

చెయ్యి వేయడమా, అదేం పెద్ద మందని కొందరు అనుకోవచ్చు. మనం అనుకోలేం. బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఈ గుజరాత్‌లోనే, కాఠియావాడ్ పల్లెలో జరిగిన సంగతి పొందుపరిచారు. 1929లో ‘యంగ్ ఇండియా’లో అచ్చయిన ఒక దళిత ఉపాధ్యాయుడి లేఖ అది. అతని భార్య బాలింత, జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు ఫీజుకు పూచీ పడితే, ఆమెను వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. అతను భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. అదే వరుసలో అది వెనక్కి పోయింది. డాక్టరు దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు. ఆ డాక్టరు దగ్గర శాస్త్రం ఉంది, పరికరం ఉంది. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించడానికి మనసు లేదు.

అందుకే సాంచాల తమ్ముడికి నిద్ర పట్టిందంటే నేనిక నవ్వను. కానీ నొప్పి తగ్గితే చాలదా అంటే, చాలదనే చెబుతాను. నేను ఎరిగిన ఒక ఇంట్లో, సూదులతో చక్కెర జబ్బు మాయమవుతుందని ఎవరో చెబితే పెద్దాయన మాత్రలు మానేశాడు. కాలి పుండు ముదిరి పాదం తీసేయాల్సి వచ్చింది. సూది పెట్టినవాడు దుర్మార్గుడు కాకపోవచ్చు. తెలియనిది తెలిసినట్టు చెప్పాడు. పంచశీలలో నాలుగోది దానికి అడ్డుపడుతుంది. దేశ చట్టమూ అడ్డుపడుతుంది. మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు లాంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం కింద నేరం. ఒక పద్ధతి చదివి ఇంకో పద్ధతిలో మందులిచ్చిన వైద్యుడిది నిర్లక్ష్యమేనని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2003లో కేంద్రం ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా గుర్తించింది. మహారాష్ట్ర 2015లో దానికోసం చట్టమే చేసింది. గుర్తింపు అంటే సర్వరోగ నివారిణి అని ముద్ర వేయడం కాదు.

చైనా వైద్యానికి న్యాయం చేసిన మనిషి థు యూయూ. మలేరియాకు మందు వెతుకుతూ ఆమె 4వ శతాబ్దపు గె హోంగ్ పుస్తకంలో ఒక ఆకును నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉండడం గమనించింది. కాచమని లేదు. వేడి వల్ల గుణం పోతుందేమోనని తక్కువ వేడిలో సారం తీసింది. జంతువుల మీద చూసింది, ముందు తనే మింగి చూసింది. ఆర్టెమిసినిన్ పుట్టింది. 2015లో నోబెల్ వచ్చింది. పాత పుస్తకానికి ఆమె దండం పెట్టలేదు, దాన్ని చించనూ లేదు. ఒక వాక్యాన్ని తీసుకుని పరీక్షకు నిలబెట్టింది.

మొన్న లింబాయత్ పోయినప్పుడు ఆ తమ్ముడికి నా తప్పు ఒప్పుకున్నాను. నీ నొప్పి తగ్గడం నిజం, అన్నాను. ఎందుకు తగ్గిందో వాళ్లు చెప్పిన కారణం మాత్రం ఇంకా రుజువు కాలేదన్నాను. నడుముకు, మెడకు, తలనొప్పికి పోదలిస్తే పో. సూది కొత్తదో కాదో చూసుకో, ప్రతిసారీ నీ ముందే ప్యాకెట్టు విప్పమను. జ్వరం, ఛాతీలో నొప్పి, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, వీటికి మాత్రం తిన్నగా ఆసుపత్రికే పో, అన్నాను. అతను తలూపి, “ఆసుపత్రిల గింత సేపు ఎవరు కూసుంటరన్నా మాతోని?” అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. అది మనం ఆసుపత్రిని అడగాల్సిన ప్రశ్న. సూది ఇచ్చిన ఆ అరగంట, ఆ చెయ్యి, ఆ నాలుగు ప్రశ్నలు ప్రభుత్వ దవాఖానాలో పేదవాడికి హక్కుగా దొరకాలి. ఇంకొకటి యజమానిని అడగాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో రోజుకు 9 గంటల పని అని ఉండేది. పన్నెండు గంటలు సాంచాల ముందు నిలబడే నడుముకు ఏ బిందువులో ఎన్ని సూదులు గుచ్చినా, మర్నాటి పొద్దుకు నొప్పి మళ్లీ వస్తుంది. దుఃఖానికి కారణం తెలిసినప్పుడు, దాన్ని తీసేయడమే అసలు వైద్యం.