రాళ్లు మోసినవారెవరు?

ధ్యాన భాగము: హబక్కూకు 2:9–14, యాకోబు 5:1–6



ఫిలిప్పైన్స్ దేశపు ఉత్తర భాగమున పావాయ్ అను చిన్న పట్టణమున్నది. అక్కడ మూడు వందల యేండ్ల నాటి రోమను కతోలిక దేవాలయ మొకటి నిలిచియున్నది. అగస్టీను మఠపు సన్యాసులు 1694లో పని మొదలుపెట్టగా 1710లో ముగిసెను. ఆ సీమలో భూకంపములు మెండు. కాబట్టి ఇటుకతోను పగడపు రాతితోను గోడలు లేపి, అవి ఒరగకుండ 24 గొప్ప ఆనుగోడలు కట్టిరి. గంట స్తంభమును ఎడముగా నిలిపిరి. అది కూలినను దేవాలయము మీద పడదు. 1865లోను 1885లోను భూకంపములు కొంత చెరిచినను మరల బాగుచేసిరి. 1993లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను. దూరదేశముల వారు వచ్చి చూచి ఆశ్చర్యపడుదురు.

ఆశ్చర్యపడుట తప్పు కాదు. యెరూషలేము దేవాలయపు రాళ్లను చూచి శిష్యులును ఆశ్చర్యపడిరి (మార్కు 13:1). అయితే దానికి ముందటి మాటలు చదువుడి. ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుండి, రెండు కాసులు వేసిన బీద విధవరాలిని వారికి చూపెను. శిష్యులు రాళ్లను చూచిరి. ప్రభువు మనిషిని చూచెను.

ఆయన కన్నులతో చూచినయెడల, పాత దేవాలయము నొద్ద మనము అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఈ రాళ్లు మోసినవారెవరు?

ఆ కాలమున ఆ దీవులను స్పెయిను దేశపువారు ఏలుచుండిరి. 'పోలో' అను వెట్టి యుండెను. 16 మొదలు 60 యేండ్ల వయస్సుగల మగవారు ఏటికి 40 దినములు పనిచేయవలెను. రొక్కము చెల్లించగలవాడు తప్పించుకొనును; ఊరి పెద్దల యింటివారికి మినహాయింపు కలదు. బీదవాడు మాత్రము తన చేను విడిచి పోవలెను. వారు ఓడలకు మ్రాను నరికిరి, బాటలు వేసిరి, దేవాలయములు కట్టిరి. కూలి ఇవ్వవలెనని శాసనమున్నను అది అనేకసారులు చేతికి అందలేదు. కట్టించిన గురువుల పేర్లు గ్రంథములలో నున్నవి. మోసినవారి పేర్లు లేవు.

అదే దేశమున మియగావ్ అను ఊరిలో 1797లో ముగిసిన దేవాలయమున్నది. దాని ముందు గోడ మీద శిల్పులు తమ ఊరి కొబ్బరిచెట్టును, బొప్పాయిని, జామను చెక్కిరి. ఆ చెట్ల నడుమ బాలయేసును భుజము మీద మోయుచున్న క్రిస్టఫరు కలడు. మనము ప్రతిమలకు మ్రొక్కువారము కాము. అయినను ఆ గోడ క్రింద రాళ్లు మోసిన భుజములను తలంచినప్పుడు, ఆ చిత్రము మనతో మాటలాడక మానదు.

ఇది పరాయి సంఘపు తప్పని వేలు చూపి ఊరకుండరాదు. వెట్టి యనగా నేమో మన తాతలు ఎరుగుదురు. కూలి లేక దొర పొలములో దున్నినవారి బిడ్డలు మన సంఘములలో అనేకులు. 1976లో వెట్టిచాకిరిని నిర్మూలించుచు మన దేశములో చట్టము వచ్చెను. అయితే మన మందిరములను చూచుకొందము. గుమ్మము ప్రక్కన శిలాఫలకమున్నది. శంకుస్థాపన చేసిన అయ్యగారి పేరు, చందాలిచ్చిన పెద్దల పేర్లు దాని మీద నున్నవి. ఎండలో ఇటుకలు మోసిన అక్క పేరు ఎక్కడ? ఆమె కూలి ఆ సాయంకాలమే ముట్టెనా? "దేవుని పని గదా, కొంచెము తగ్గించుకొమ్మా" అని ఎవరైనను అనిరా?

దేవుని పని యని చెప్పి బీదవాని కూలి బిగబట్టువాడు దేవుని పేరటనే దొంగిలించుచున్నాడు. కూలివాని జీతము తెల్లవారువరకు మన యొద్ద ఉండరాదని ధర్మశాస్త్రము విధించెను (లేవీ. 19:13). బిగబట్టిన కూలి ప్రభువు చెవులలో మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసెను. అన్యాయముగా కట్టిన యింటి గోడలోని రాయి సహా నోరు తెరచునని హబక్కూకు హెచ్చరించెను. పావాయ్ గోడలను ఆనుగోడలు నిలిపినవి. సంఘమును నిలుపునది న్యాయము.

ఈ మాసము మన సంఘములో పనిచేసిన మేస్త్రి, కూలి, పాలేరు, మందిరము ఊడ్చు అమ్మ, ఎవరికైనను బాకీ యున్నదా? పెద్దలు కూర్చుండి విచారించి, వచ్చు ఆదివారపు కానుకకు ముందే తీర్చుదురు గాక. మోసినవారి పేర్లు అడిగి తెలిసికొని, ప్రార్థనలో పేరుపేరున తలంచుదురు గాక.

ప్రార్థన: ప్రభువా, మేము మరచినవారిని నీవు మరువలేదు. వారికి రావలసినది చెల్లించు మనస్సు మాకిమ్ము. ఆమేన్.