బోనం మోసే దుఃఖం

నాగారం,
ఆషాఢ మాసం.

బిడ్డా,

బోనాల్లో డీజే, మందు, ట్రాఫిక్ జామ్ తప్ప ఏముందన్నావు. ఆ మూడూ ఉన్నాయి, కాదనను. కానీ ఈ పండుగ చావుల్లోంచి పుట్టింది. 1813లో గత్తర మనుషుల్ని ఊడ్చుకుపోతుంటే, ఉజ్జయిని వెళ్లిన పటాలంలో డోలీ మోసే సురటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి సికింద్రాబాదు లష్కర్‌లో కట్టె విగ్రహం నిలిపాడని చెబుతారు. అందులో చరిత్ర ఎంతో, నమ్మకం ఎంతో తేల్చడం నా పని కాదు. ఎవరూ లెక్క రాయని చావులకు ఏటా ఒక రోజు మిగిలింది, అది చాలు. కొత్త కుండకు పసుపు పూసి, వేపాకు చుట్టి, అన్నం మీద దీపం పెట్టి ఆడవాళ్లు నడుస్తారు. అడుగు తడబడితే దీపం కొండెక్కుతుంది. అందుకే పక్కనున్నవాళ్లు దారి ఇస్తారు, చెయ్యి ఆసరా ఇస్తారు. ఇంట్లో కూర్చుని ఏడ్చే ఏడుపు అలా వాడకట్టు అందరిదీ అవుతుంది.

అమ్మవారు రోగం తగ్గించిందా అంటావు. లేదు. 1897లో ఇదే సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రోగాలకు కారణం అలాంటి పరిశోధనలోనే దొరుకుతుంది. టీకా మానేసి బోనం ఎత్తేవాడు మూర్ఖుడు. అయితే టీకా ప్రాణం కాపాడుతుంది గానీ పోయినవాళ్ల కోసం ఏడవడానికి చోటివ్వదు. కరోనాలో ఎందరికో కడచూపు దక్కలేదు, దినం కూడా సరిగా జరగలేదు. 2020లో బోనాలూ ఇళ్లలోనే ముగిశాయి. ఆ బాకీ ఇంకా తీరలేదు.

నీ రెండో అభ్యంతరం గట్టిది. దేవత పేర దళిత ఆడపిల్లల్ని జోగినులుగా విడిచారు; 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. పూర్వీకులు ఔషధంతోపాటు గాయాన్నీ ఇచ్చారు, నిజమే. అంతమాత్రాన రెండూ పారేయాలా? అప్పయ్య పెట్టిన కట్టె విగ్రహం స్థానంలో 1864లో రాతి విగ్రహం వచ్చింది, మార్చుకోవడమూ ఆచారమే. భవిష్యవాణి చెప్పే రంగంలో పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ నిష్ఠూరమాడుతుంటే మంత్రులూ చేతులు కట్టుకుని వింటారు. ఆ వినడాన్ని నిలుపుకుందాం, ఆడపిల్లను దేవతకు విడవడాన్ని వదిలేద్దాం.

ఈసారి మన కాలనీలో అమ్మవారికి సాక పోసేటప్పుడు, కరోనాలో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా పైకి చదివించు. అందుకు పూజారి అక్కర్లేదు. ఆ పది నిమిషాలు డీజే ఆపించడమే కష్టం.