తుప్పు పట్టని మనసు

అమ్మ పాత చీరలు వేసి కొన్న స్టీలు గిన్నె ఒకటి నా దగ్గరుంది. అంచు మీద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరూ, 1974 అనీ చెక్కి ఉంటుంది. మొన్న తోముతూంటే అడుగున సూదిమొనంత గుంట కనిపించింది. ఉప్పునీళ్లు పోసి రోజుల తరబడి మరిచిపోయిన పాపం నాదే.

"స్టీలుకి తుప్పేమిట్రా?" అన్నాను మా అబ్బాయితో. స్టీలు పొడిని లేజరుతో కరిగించి, పొర మీద పొర పేర్చి వస్తువులు తయారుచేయడం వాడి ఉద్యోగం.

"తుప్పు పట్టకపోవడం దానికి పుట్టుకతో వచ్చిన వరం కాదమ్మా. అందులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే కంటికి కనిపించని పొర కట్టుకుంటుంది. గీత పడితే మళ్లీ కట్టుకుంటుంది. ఉప్పు నిలవుండి, గాలాడని చోట మాత్రం కట్టుకోలేదు."

"మరి మీరు చేసే స్టీలో?"

"అది కరిగిన క్షణంలోనే గట్టిపడుతుంది. మాంగనీసూ, గంధకమూ కలిసి పెద్ద మలినంగా పేరుకునే వ్యవధి ఉండదు. మామూలు స్టీల్లో గుంటలు ఎక్కువగా మొదలయ్యేది ఆ మలినం దగ్గరే. అంచేత శ్రద్ధగా చేస్తే మాది ఇంకా బాగా నిలుస్తుంది. పొడి సరిగ్గా కరక్క బొక్కలు మిగిలాయో, ఆ మంచి కాస్తా పోతుంది."

అమ్మ పేరు వంక చూశాను. అన్ని గాట్లు పడినా ఒక్క అక్షరానికీ తుప్పు లేదు! మచ్చపడని మనిషంటే దెబ్బే తగలని మనిషనుకునేదాన్ని ఇన్నాళ్లూ. కాదు, తగిలిన ప్రతిసారీ పూడ్చుకునే మనిషి.

ఈ గిన్నె గురించే మూడేళ్ల క్రితం అక్క ఒక మాట అంది. ఆ రోజే అడిగేస్తే పోయేది. పైకి నవ్వుతూ, ఆ మాటని లోపల ఊరబెట్టాను. మలినానికి పేరుకునే వ్యవధి ఇచ్చింది నేనే. మీ మనసులోనూ అలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది, అవునా?

అయితే క్షమిస్తే జరిగింది జరగనట్టేనా? కాదు. గుంట పూడదు. కాని శుభ్రంగా కడిగి ఆరబెడితే ఇక లోతు కాదుట. క్షమించడమంటే అంతే కాబోలు.

అక్కకి ఫోను చేసి గిన్నె సంగతి చెప్పాను.

"ఉప్పునీళ్లు పోసి ఉంచావా? నీకు ఎప్పుడూ అంతే!" అంది.

చురుక్కుమంది. ఈసారి మాత్రం నిలవ ఉంచుకోలేదు. "అదిగో, మళ్లీ అన్నావు!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.