రెస్పెక్టెడ్ సర్, ఐ రిక్వెస్ట్ యూ

అంగడికి బహువచనం అంగళ్లు. మదనపల్లె నుంచి కదిరి పోయే రోడ్డు మీద ఆ పేరుతోనే ఒక ఊరుంది. 1998లో అక్కడ మిట్స్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. ఇప్పుడది చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం నేర్చుకునే ఊరు కూడా. ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా ఆ ఉత్తరాల్లో కంప్లైంట్ లెటర్ ఒకటి ఉంటుంది. కొన్న మిక్సీ పని చేయడం లేదు, హాస్టల్లో నీళ్లు రావడం లేదు, రాయండి.

ఉద్యోగాలకి తయారయ్యే జూనియర్లు ఇలాంటివి దిద్దమని నాకు పంపుతుంటారు. గుప్పెడు ఉత్తరాలతో సిద్ధాంతం కట్టకూడదు గానీ, తేడా కళ్లకి కనిపిస్తుంది. అమ్మాయి ఉత్తరం "సారీ టు డిస్టర్బ్ యూ" అని మొదలై, మధ్యలో సమస్య చెప్పి, "ఇఫ్ పాసిబుల్" అని ముగుస్తుంది. అబ్బాయి ఉత్తరంలో "యూ మస్ట్" ఉంటుంది, "ఇమ్మీడియట్లీ" రెండుసార్లు ఉంటుంది. ఇద్దరూ "రెస్పెక్టెడ్ సర్" అనే మొదలుపెడతారు, చదివేది మేడమ్ అయినా సరే.

ఆడవాళ్ల స్వభావమే అంత, మెత్తన అనేయడం తేలిక. అలా అనేవాళ్లు మా వైపు ఒక్కసారి అంగడికి పోయి చూడాలి. "ఏమన్నా, నిన్న తీసకపోయిన బ్యాళ్లల్లో అన్నీ రాళ్లే ఉండాయి. మార్చిస్తావా, లెక్క వాపస్ ఇస్తావా?" ఇందులో ఎక్కడుంది సారీ? ఆ గొంతు విని పెరిగిన అమ్మాయే, ఒక్కోసారి ఆ గొంతుతోనే మాట్లాడే అమ్మాయే, కాగితం మీద ఇంగ్లీషు రాయగానే తగ్గిపోతుంది.

రాబిన్ లాకాఫ్ 1975లో "లాంగ్వేజ్ అండ్ ఉమన్స్ ప్లేస్" పుస్తకంలో ఈ తటపటాయింపుని, అతి మర్యాదని ఆడవాళ్ల భాష లక్షణాలుగా చెప్పింది. తర్వాత విలియం ఒబార్, బోమన్ అట్కిన్స్ అమెరికాలో కోర్టు సాక్షుల మాటలు పరిశీలించి, 1980లో వేరే మాట అన్నారు. అధికారం, హోదా లేని మగ సాక్షులు కూడా అలాగే మాట్లాడుతున్నారు, ఆ హోదా ఉన్న ఆడ సాక్షులు అలా మాట్లాడటం లేదు. అంటే అది ఆడభాష కాదు, బలం లేనివాళ్ల భాష. అంగడి ముందు ఆ అమ్మాయికి బలం ఉంది. అన్న తెలిసినవాడు, భాష తనది, పక్కన ఇంకో అంగడి కూడా ఉంది. వార్డెన్‌కి రాసేటప్పుడు ఈ మూడూ లేవు.

భాష చేసే చిన్న మోసం కూడా ఒకటుంది. తెలుగులో "మీరు" అనగానే గౌరవం క్రియలోకి వెళ్లిపోతుంది, విడిగా ఏమీ అతికించక్కర్లేదు. ఇంగ్లీషు "యూ"లో అది కనపడదు. ఆ ఖాళీని అమ్మాయిలు కైండ్లీలతో, రిక్వెస్టులతో నింపుతారు. అబ్బాయిలు చాలామంది ఖాళీగానే వదిలేస్తారు.

ఇది శైలి గొడవే అయితే నాకు అంత పట్టింపు లేదు. మర్యాదగా రాస్తే తప్పేంటి? కానీ ఫిర్యాదు, విన్నపం ఒకటి కావు. ఫిర్యాదు అంటే, నువ్వు చేయాల్సిన పని చేయలేదు, నాకు బాకీ ఉన్నావు అని. విన్నపం అంటే, నీకు వీలైతే చెయ్యి అని. నీళ్లు రాని హాస్టల్ గురించి "ఇఫ్ పాసిబుల్" అని రాసిన క్షణం, అవతలివాళ్ల బాకీ వాళ్ల దయగా మారిపోతుంది. రేపు నీళ్లొస్తే ఆ అమ్మాయి థాంక్స్ కూడా చెప్పాలి! తనకి హక్కుగా రావాల్సినదానికి.

మరి అమ్మాయిలకి "మస్ట్" నేర్పేద్దామా? సాఫ్ట్ స్కిల్స్ క్లాసుల్లో దొరికే సలహా ఇదే. నాకది సగం అన్యాయంగా అనిపిస్తుంది. అదే "యూ మస్ట్" అబ్బాయి రాస్తే "వాడికి ఇంగ్లీషు సరిగ్గా రాదు పాపం" అని వదిలేస్తారు. అమ్మాయి రాస్తే పొగరు అంటారు. ధైర్యం నేర్పి, దాని ఖర్చు కూడా ఆమె మీదే వేస్తున్నాం. చదివేవాళ్లకి మాత్రం ఏ పాఠమూ లేదు.

మా వృత్తిలో ఈ చిక్కుకి ఒక విరుగుడు ఉందనుకునేవాళ్లున్నారు. బగ్ రిపోర్టులో మర్యాదకి చోటు లేదు. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది, అంతే. నిజమే, అది నాకు నచ్చే పద్ధతే. కానీ "సివియారిటీ" అని ఒక గడి ఉంటుంది, దాన్ని రాసేవాళ్లే నింపాలి. నా బాధ ఎంత పెద్దది అన్న ప్రశ్న అక్కడ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. చాలా జట్లలో "క్రిటికల్" అని పెట్టినవాళ్ల పనే ముందు అవుతుంది.

మిక్సీ విషయంలో ఇదంతా చిన్న నష్టమే. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం తీసుకోండి. ఫిర్యాదు రాతపూర్వకంగానే ఇవ్వాలి, మామూలుగా మూడు నెలల్లోపు. రాయలేని స్థితిలో ఉంటే, రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత తొమ్మిదో సెక్షన్ కమిటీ సభ్యుల మీదే పెట్టింది. రాయడమే ఒక అడ్డంకి కావచ్చని ఒప్పుకున్న చట్టాలు ఎన్నో నాకు కనపడవు. కాకపోతే, ఆ అమ్మాయి తనే రాసుకొచ్చిన కాగితంలో "మే బీ ఐ మిసండర్‌స్టుడ్" అని ఉంటే? ఆ ఒక్క ముక్క పట్టుకుని, ఆమెకే నమ్మకం లేదు అనేవాళ్లుంటారు. కొట్టేస్తే ఆమె మాట మార్చినట్టు. ఆమెని కూర్చోబెట్టి, ఇది నిజంగా నీ అనుమానమా, లేక ఉత్తరం అలాగే రాయాలని నేర్చుకున్నావా అని తెలుగులో అడగాలి. జవాబు ఏదైతే అది రాసుకోవాలి.