కట్ట క్రింది పొరుగువాడు

రాబోవు కరవును, వరదను ముందుగా లెక్కించుట దేవునియందు అవిశ్వాసమగునా? వాన కురిపించువాడు ఆయనయే గదా, మనకీ లెక్కలేల యని భక్తిపరులు కొందరు అడుగుచున్నారు. ఈ ప్రశ్నను త్రోసివేయక, మన సీమలో జరిగినదానిని చూచి ఆలోచింతము.

ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాలో, నేటి నిర్మల్ జిల్లాలో, కడెం నదిపై ఆనకట్ట కలదు. 1958 ఆగస్టులో 5 లక్షల క్యూసెక్కులకు మించిన వరద కట్టమీదుగా పొర్లగా గండ్లు పడెను. పిమ్మట దానిని బాగుచేసిరి. 2022 జూలైలో మరల 5 లక్షలకు మించిన నీరు వచ్చెను. గేట్లన్నియు ఎత్తినను దిగువకు పోగలది సుమారు 3 లక్షలే. 18 గేట్లలో ఒకటి ఆనాడు తెరచుకొననే లేదు. దిగువ గ్రామములవారిని ఇండ్లు విడిపించి తరలించిరి. ఆనకట్ట నిలిచెను; అనేకులు దేవుని స్తుతించిరి. మరుసటి యేడు జూలైలో నీరు తిరిగి గేట్లమీదుగా పొర్లెను.

నూరేండ్లకొక వరద యను మాట విని, ఒకటి వచ్చిపోయినది గనుక ఇక భయములేదని తలంతుము. దాని అర్థము అది కాదు. ప్రతి యేటను నూటికి ఒక పాలు అవకాశము కలదనియే అర్థము. ఆ పాత లెక్కయు ఇప్పుడు మారుచున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినయెడల నూటికి ఇంచుమించు 7 వంతులు ఎక్కువ ఆవిరిని మోయగలదు. పూణే నగరమందలి ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 1950 మొదలు 2015 వరకు కురిసిన వానలను పరిశీలించి, 2017లో తమ ఫలితమును ప్రకటించిరి. మధ్య భారతమున విస్తారముగా కురియు కుండపోత వానలు మూడింతలైనవి. వానకాలపు మొత్తము వర్షము మాత్రము తగ్గినది. కావున ఒకే సీమ ఒక యేడు ఎండి మరియొక యేడు మునుగుట వింత కాదు. 2015లో తెలంగాణలో 231 మండలములను కరవు మండలములుగా ప్రకటించినప్పుడు కరీంనగరు జిల్లా మండలములును వాటిలో నుండెను.

శాస్త్రజ్ఞుడు ప్రవక్త కాడు. ఆపద వచ్చు దినమును చెప్పడు, అవకాశమెంతో చెప్పును. నిశ్చయము కానిదానికై ఖర్చేల యందువేమో. దొంగ రాని రాత్రికిని కావలివానికి కూలి ఇత్తుము గదా!

అపొస్తలుల కార్యములలో అగబు గొప్ప కరవు రానున్నదని తెలిపెను. అంతియొకయ శిష్యులు అది ఎవరి పాపమువలన వచ్చునని వాదింపలేదు. యూదయలోని సహోదరులకు తమ శక్తికొలది సహాయము పంపిరి. ఆ హెచ్చరిక వారికి భయము కాలేదు, పొరుగువాని ఋణమాయెను.

మిట్టమీద ఇల్లు గలవానికి దేవుని చిత్తమను మాట సుళువు. కట్ట క్రింద కాపురమున్న కూలివాడు గేటును బాగుచేయలేడు, చెరువు పూడిక తీయింపలేడు. చేయగలవారు చేయక విడిచినదానిని దేవుని చిత్తమనుట, మన అశ్రద్ధను ఆయనపై మోపుటయే.

కాబట్టి నీ సంఘములో విచారించుము. మత్తడి కాలువలో ఇండ్లు లేచుచున్నవా? వరద రాత్రి నడువలేని ముసలివారిని ఎవరు మోయుదురు? వాన తప్పిన యేట కూలి లేని కుటుంబమునకు గింజలెక్కడివి? ఇవి లెక్కించి, పిమ్మట ప్రార్థించుము. విశ్వాసము ఆపదను చూచి కన్నులు మూసికొనునది కాదు. పొరుగువాని కొరకు వాటిని తెరచియుంచునది.