బాగనే ఉన్న బిడ్డా

నమ్మినవాళ్ల మాటను మళ్లీ సరిచూసుకోవడం తప్పా?

ఈ ప్రశ్న నాకు ఏ ఉపనిషత్తు చదువుతుండగానో కలిగిందని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉండేది. కాని ఉన్నమాట చెప్పాలంటే, మొన్న దసరాకి బిచ్కుందలో మా పుట్టింటి పశువుల కొట్టం ముందు, బానెట్ ఎత్తిన కారు పక్కన పీట వేసుకు కూచున్నప్పుడు కలిగింది.

మా బిచ్కుంద ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లా. జిల్లా మారినా ఊరి తీరు మారలేదు. అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక దగ్గర్లోనే ఉండడంతో బజారులో ఒక్క బేరం తెగేలోపల నాలుగు భాషలు దొర్లుతాయి. అందుకే మావాళ్లకి ఒక అలవాటు. ధర చెప్పినవాడు చెప్పి ఊరుకోడు, విన్నవాడు విని ఊరుకోడు. "పన్నెండు వందలా?" "హా, పన్నెండు వందలే." చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని బజారుకెళ్లినప్పుడల్లా, ఒకే మాట ఇన్నిసార్లెందుకని విసుక్కునేదాన్ని.

సరే, కారు సంగతికొస్తాను. మా అన్న ఈ మధ్య హైబ్రిడ్ కారు కొన్నాడు. అందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. పండుగ నాలుగు రోజులూ అది కొట్టం పక్కన, గడ్డివాము నీడలో హాయిగా పడుకుంది. ఐదో రోజు పొద్దున బయలుదేరదామని మీట నొక్కితే, ఇంకా రాని దీపావళి అంతా దాని అద్దం మీదే కనబడింది. ఎర్ర దీపాలు, పసుపు దీపాలు. కారు మాత్రం అంగుళం కదల్లేదు.

మా అన్న కొడుకు హైదరాబాదులో ఇలాంటి కార్ల పనే చేస్తాడు. కారు లోపల ఉండే కంట్రోలు పెట్టెలు ఒకదాని మాట ఒకటి సరిగ్గా వింటున్నాయో లేదో పరీక్షించడం వాడి ఉద్యోగం. "ఇంత చదువూ చదివి, వాళ్లూ వీళ్లూ ఏమనుకుంటున్నారో వినే పనా నీది?" అని నేను వేళాకోళం చేస్తూ ఉంటాను. ఆ రోజు నా వేళాకోళం నాకే తిరిగొచ్చింది.

"ఇది రెండెడ్ల బండి అనుకో అత్తమ్మా" అన్నాడు. "ఒక ఎద్దు పెట్రోలుది, ఒక ఎద్దు కరెంటుది. ఏది ఎప్పుడు లాగాలి, ఏది ఎప్పుడు ఊరుకోవాలి అన్నది క్షణక్షణమూ చెప్పుకుంటూ ఉండాలి. ఇంజనుకో పెట్టె, మోటారుకో పెట్టె, బ్యాటరీకో పెట్టె, బ్రేకులకో పెట్టె. అవి మాట్లాడుకునేది మెలిపెట్టిన రెండు సన్న తీగల మీద."

ఈ ఏర్పాటుకి క్యాన్ అని పేరట. జర్మనీలో బాష్ కంపెనీవాళ్లు 1983లో మొదలుపెట్టి, 1986లో లోకానికి చూపించారు. ఒక పెట్టె మాట్లాడితే ఆ తీగ మీదున్న పెట్టెలన్నీ వింటాయి. ఉమ్మడి కుటుంబంలో వంటింట్లో అన్న మాట పంచలోకి వినబడినట్టు.

వాడు ముందు కారు బ్యాటరీ తీగ ఊడదీశాడు. నారింజరంగు లావు తీగల జోలికి ఎవర్నీ పోవద్దన్నాడు. వాటిలో పారేది ప్రాణాలు తీసే కరెంటు. తర్వాత స్టీరింగ్ కిందున్న సాకెట్టులో మీటరు పుల్లలు పెట్టి చూశాడు. "అరవై రావాలి, నూట ఇరవై చూపిస్తోంది" అన్నాడు. తీగకి రెండు కొసలా నూట ఇరవై ఓముల చొప్పున రెండు నిరోధకాలు ఉంటాయి. రెండూ కలిసి ఉన్నంతకాలం మీటరు అరవై చూపిస్తుంది. ఒక కొస తెగిపోతే రెండోది ఒంటరిగా మిగిలి నూట ఇరవై అంటుంది. అంటే తీగ ఎక్కడో తెగింది. వెతగ్గా వెతగ్గా దొరికింది. ఎలుక కొరికింది!

అరుగు మీద కూచుని ఇదంతా చూస్తున్న అమ్మ తీర్పు చెప్పేసింది: "గిటు డబ్బ మంచిదే, గటు డబ్బ మంచిదే. నడుమ ఎల్క జేసింది గదా!"

నిజామాబాద్ నుంచి మెకానిక్కు రావడానికి మర్నాడవుతుందన్నారు. చేసేదేం లేక వాణ్ణి కూచోబెట్టి కబుర్లు చెప్పించుకున్నాం. తీగ తెగితే సరే, తెగకుండానే మాట చెడిపోతే ఎలా తెలుస్తుందని అడిగాను. ప్రతి మాట వెనకా ఒక లెక్క వస్తుందట. విన్న పెట్టె తనూ ఆ లెక్క వేసి చూసుకుంటుంది. కుదిరితే అందిందని సైగ చేస్తుంది. కుదరకపోతే తప్పని అరుస్తుంది. అప్పుడు అందరూ ఆ మాటని పారేస్తారు, చెప్పినవాడు మళ్లీ మొదటినుంచి చెబుతాడు.

అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇంత అనుమానం పెట్టుకొని ఎట్ల కాపురం జేస్తయిరా అవి?"

"అనుమానం డబ్బా మీద కాదు నానమ్మా, తీగ మీద" అన్నాడు వాడు.

నేను తెలుగు బి.ఏ. చదివినదాన్ని. ఓములూ గీములూ నా తలకెక్కవు. కాని ఈ మాట మాత్రం చటుక్కున ఎక్కింది, ఎందుకంటే ఇది మనకి కొత్త కాదు. 2013 జూలైలో మనదేశంలో తంతి సేవ ఆగిపోయిందాకా, టెలిగ్రాముతో పాటు అందులో ఎన్ని మాటలున్నాయో ఆ లెక్క కూడా వెళ్లేది. అందుకున్న గుమాస్తా మాటలు లెక్కపెట్టుకుని సరిచూసుకునేవాడు. అంతకన్నా పాతది మన పద్యం. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం యతి. తాటాకు మీద రాసే లేఖకుడు నిద్రమత్తులో ఒక్క అక్షరం మింగేస్తే, వందేళ్ల తర్వాత చదివేవాడికి మెట్టు తప్పినట్టు కాలు జారుతుంది. పద్యానికి లెక్క పెట్టుకున్నందుకు ఏ లేఖకుడూ తనని అవమానించారని అలగలేదు.

అయితే ఇంకో మాట చెప్పాడు వాడు. అది వేళాకోళంగా తీసుకోవడానికి వీల్లేకపోయింది.

"లెక్క కుదిరినా మోసం జరగొచ్చు అత్తమ్మా. ఒక పెట్టె లోపల బిగుసుకుపోయి, పాత మాటనే పదే పదే పంపుతుంటుందనుకో. లెక్క తప్పదు, వేళ తప్పదు. వినేవాడు అంతా బాగుందనుకుంటాడు. అందుకని ముఖ్యమైన మాటలకి వరుస నంబరు కూడా వేస్తారు. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. నంబరు కదలకపోతే అది బతికున్న మాట కాదన్నమాట."

నేను అమ్మ వైపు చూడలేదు. అమ్మా నా వైపు చూడలేదు.

మూడేళ్ల కిందటి సంగతి. నేను రోజూ సాయంత్రం ఏడింటికి హైదరాబాదు నుంచి ఫోను చేసేదాన్ని. "బాగున్నావా అమ్మా?" అంటే, "బాగనే ఉన్న బిడ్డా" అనేది. వేళ తప్పలేదు, మాట తప్పలేదు. నలభై రోజుల తర్వాత ఏదో పెళ్లికని వెళ్తే, అమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. బావి దగ్గర జారిపడి తుంటికి దెబ్బ తగిలిందట. పడ్డ రోజు కూడా నాతో చెప్పింది ఆ మాటే.

ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ కోప్పడ్డాను. "చెప్తే ఏం జేస్తవ్? ఉన్న పని ఇడిచిపెట్టి ఉరికొస్తవ్" అంది. అమ్మది అబద్ధమనాలా, ప్రేమనాలా? ఎన్నాళ్లో ఆ మాటే తర్కించుకున్నాను. బిగుసుకుపోయిన పెట్టె కథ విన్నాకగాని రెండో ప్రశ్న తట్టలేదు. నేనడిగిందేమిటి? రోజూ అదే వేళకి, అదే గొంతుతో, అదే రెండు మాటలు. ఒక చేత్తో కూర కలుపుతూ అడిగే ప్రశ్నకి, కూర మాడకుండా సరిపోయే జవాబే అమ్మ ఇచ్చింది. నంబరు కదలనిది అమ్మ జవాబులోనే కాదు, నా ప్రశ్నలోనూ కదల్లేదు.

తర్వాత నేను చేసిన పని ఇంకా అన్యాయం. అమ్మ మాట నమ్మడం మానేసి, పక్కింటావిడకి చాటుగా ఫోను చేసి ఆరా తీయడం మొదలుపెట్టాను. రెండు నెలల్లో అమ్మకి తెలిసిపోయింది. తిట్టలేదు. "నా ఇంట్ల నాకే కావలి పెట్టినవా బిడ్డా?" అంది. అంతే. ఆ మాట ఇప్పటికీ నా గుండెలో ముల్లులా ఉంది.

ఆ తీగ మీద నమ్మకం పెరగడానికీ తరగడానికీ కూడా ఒక పద్దు ఉందని అన్నకొడుకు చెప్పాడు. ఒక పెట్టె మాట్లాడేటప్పుడు తప్పు జరిగితే దాని ఖాతాలో ఎనిమిది పడతాయి. సరిగ్గా ఒక మాట చేరవేస్తే ఒక్కటే తగ్గుతుంది. పోగొట్టుకునేది ఎనిమిది, కూడగట్టుకునేది ఒకటి! ఖాతా 127 దాటితే, ఇతరుల మాటలకి అడ్డుపడి తప్పని అరిచే హక్కు దానికి పోతుంది. ఎవరికి తెలుసు, తప్పు తన చెవిలోనే ఉందేమో. 255 దాటితే తనంతట తనే నోరు మూసుకుని తప్పుకుంటుంది. మళ్లీ రావాలంటే తీగ మీద 128 సార్లు ఎడం దొరికిందాకా ఊరకే వింటూ ఉండాలి. ఇదెవరు రాశారోగాని, కాపురాలు చేసినవాళ్లే రాసి ఉంటారనిపించింది. అమ్మ ఖాతాలో నేను ఎనిమిది వేశాను. నా ఖాతాలో ఎన్ని పడ్డాయో చూసుకోలేదు.

మరి మొదటి ప్రశ్నకి జవాబేమిటి? నమ్మినవాళ్ల మాటను సరిచూసుకోవడం తప్పా?

నా మటుకు నాకు తోచింది ఇది. ఆ పెట్టెల మధ్య పరీక్ష చాటుగా జరగదు. ఏ లెక్క పంపాలో, ఏ నంబరు వెయ్యాలో చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఇద్దరూ ముందే ఒప్పుకున్న పరీక్ష మర్యాద అవుతుంది. ఒకరికి తెలియకుండా ఇంకొకరు పెట్టే పరీక్ష కావలి అవుతుంది. మా బజారులో "పన్నెండు వందలా?" అని తిరిగి అడగడం మర్యాద. పక్కింటావిడకి నేను చేసిన ఫోను కావలి. మనుషుల మధ్య కూడా తీగ ఉంటుంది. అభిమానం, భయం, దూరం, పని తొందర, ఎవరికీ బరువు కాకూడదన్న పంతం... కొరికే ఎలుకలకి కొదవ లేదు. తీగని చూసుకుందామని ఇద్దరూ కలిసి కూచుంటే అందులో ఎవరికీ అవమానం లేదు.

మర్నాడు మెకానిక్కు వచ్చి తీగ మార్చాడు. మీటరు అరవై చూపించింది. కారెక్కబోతూ అమ్మ చెయ్యి పట్టుకుని అడిగాను: "రోజూ ఫోన్లో నాకు ఒక్క కొత్త సంగతి చెప్పమ్మా. ఏదైనా సరే. నేనూ ఒకటి చెబుతాను."

అమ్మ మనవడి వైపు చూసి నవ్వింది. "నంబరు ఎయ్యాల్నా?" అంది.

అప్పట్నుంచి వేస్తోంది. ఒకరోజు జొన్నరొట్టె మాడిందంటుంది. ఒకరోజు గేదె పాలు తగ్గించిందంటుంది. మాడిన కూరలు నావీ చెబుతున్నాను. మొన్న సాయంత్రం ఏడింటికి మాత్రం కాసేపు ఆగి, గొంతు తగ్గించి అంది: "ఇయ్యాల మోకాలు బాగ నొస్తుంది బిడ్డా."

అమ్మకి నొప్పిగా ఉందని విని సంతోషించిన కూతుర్ని బహుశా నేనొక్కదాన్నేనేమో. పొయ్యి ఆపేసి, కుర్చీ లాక్కుని కూచుని, "ఏ మోకాలమ్మా?" అని అడిగాను.