కడిగే చేయి ఎవరిది?



మన ఇండ్లలో ఎవరూ ప్రశ్నగా భావించని ఒక చిన్న ప్రశ్నను ఈ వారం మీ ముందుంచుతున్నాను. బురదలో తొక్కి తెచ్చిన సైకిలును ఇంటికి వచ్చాక ఎవరు కడగాలి? "ఇది కూడా ఒక ప్రశ్నేనా? ఎవరికి తీరిక ఉంటే వారు కడుగుతారు" అని మీరు అనవచ్చు. కాని ఆ తీరిక అనేది మన ఇంట్లో అందరికీ సమానంగా ఉన్నదా? ఒక్కసారి ఆలోచించండి.

వానాకాలంలో మన ఊళ్ళ దారులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. నల్లరేగడి నేల అయితే నాలుగు బారలు తొక్కేసరికి మన్ను టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య గట్టిగా పట్టుకుని చక్రం తిరగదు. దిగి, పుల్లతో గీకి, మళ్ళీ ఎక్కాలి. అలా ట్యూషనుకు వెళ్ళి వచ్చిన పిల్లవాడు సైకిలును గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని, అన్నానికి కూర్చుంటాడు. మరునాడు ఉదయం వాకిలి కడిగే తల్లో, అక్కో ఆ వాకిలితో పాటు సైకిలునూ కడుగుతుంది. కడగమని ఎవరూ ఆజ్ఞాపించరు. కడిగినందుకు ఎవరూ ఒక మంచి మాట కూడా అనరు. సైకిలు తనంతట తానే శుభ్రపడినట్లు ఆ పిల్లవాడు మళ్ళీ ఎక్కి వెళ్ళిపోతాడు.

ఇందులో తప్పేమున్నది? ముందుగా సైకిలు సంగతే చూద్దాం. సైకిలు ప్రాణం లేని వస్తువు. దానికి నొప్పి లేదు, అవమానం లేదు. మురికిగా ఉంచితే అది బాధపడదు. ప్రాణం లేని వస్తువు పట్ల మనిషికి బాధ్యత ఉంటుందా? ఉండదని కొందరి వాదన. "నా డబ్బుతో కొన్నాను. తుప్పు పడితే నా వస్తువే గదా పాడయ్యేది" అంటారు. ఈ వాదన పైకి న్యాయంగానే కనిపిస్తుంది.

కాని ఆ వస్తువు వెనుక ఉన్న మనుషులను మరువరాదు. గొట్టాలను అతికినవారు, చక్రానికి పుల్లలు బిగించినవారు ఎందరో ఉన్నారు. మన పాత నల్ల సైకిళ్ళలో ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉండేవి. బరువు ఎక్కువగా వెనుక చక్రం మీద పడుతుందని తెలిసి చేసిన ఏర్పాటు అది. ఎవరో మన బరువును గురించి ముందుగానే ఆలోచించారన్నమాట. ఆ సైకిలు కొనడానికి కూలి డబ్బులోనుంచి నెలనెలా కొంత దాచిన తండ్రి ఉంటాడు. అన్న తరువాత అదే సైకిలు ఎక్కవలసిన తమ్ముడో చెల్లెలో ఉంటుంది. బ్రేకు పట్టక, ఎదురుగా నడచి వచ్చే ముసలామెను గుద్దితే ఆమె ఉంటుంది. వీరందరి పట్ల మనకు బాధ్యత లేదని ఎవరైనా అనగలరా? వస్తువును కాపాడటమంటే ఆ వస్తువు ద్వారా మనతో ముడిపడిన మనుషులను లెక్కలోనికి తీసుకోవటమే.

ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టువారు మఠవాసుల కోసం వ్రాసిన నియమావళిలో పనిముట్లను గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. అది 32వ అధ్యాయం. మఠానికి చెందిన వస్తువును మురికిగా గాని, అశ్రద్ధగా గాని వాడినవానిని మందలించాలని అందులో చెప్పారు. దానికి ముందరి అధ్యాయంలో, మఠపు సామానును చూచుకొనేవాడు అక్కడి పాత్రలన్నిటినీ బలిపీఠపు పాత్రలవలె చూడాలని కోరారు. గమనించండి, ఆయన వస్తువులను పూజించమనలేదు. పారనూ గునపాన్నీ వాడేది ఒకడు, వాడిన తరువాత అందుకొనేది మరొకడు. అలాంటి చోట శుభ్రం చేయకుండా తిరిగి ఇవ్వటం వస్తువుకు జరిగిన అపచారమే కాదు, సాటి సోదరునికి జరిగిన అన్యాయం కూడా. మన ఇల్లు కూడా పదిమంది చేతులు మారే వస్తువులతో నిండినదే గదా!

ఇక కడగటంలో ఇంకొక మేలున్నది. కడిగేవాడు చూస్తాడు. తొక్కేటప్పుడు మన కళ్ళు దారిమీద ఉంటాయి, సైకిలు మీద ఉండవు. గుడ్డ తీసుకుని ఒక్కొక్క పుల్లనూ తుడిచేటప్పుడే వదులైన పుల్ల వేలికి తగులుతుంది. అరిగిపోయిన బ్రేకు రబ్బరు, టైరులో దిగిన చిన్న గాజు పెంకు, వదులైన నట్టు, చైనుమీద మొదలైన తుప్పు అప్పుడే కంటబడతాయి. ఇనుముకు నీరూ గాలీ రెండూ తగిలితే తుప్పు మొదలవుతుంది. సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి ఆ పనిని మరింత త్వరపెడుతుంది. తుప్పు ఒక్క రాత్రిలో పట్టదు. ప్రతిరోజూ కొంచెం కొంచెంగా, మనం చూడని చోట పడుతుంది. పడుకోబోయే ముందు ఆ దినాన్ని తిరిగి చూచుకొనే అలవాటున్న కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు.

అందుకే అసలు ప్రశ్నకు తిరిగి వద్దాం. కడిగేవాడు చూస్తాడన్నాం. మరి తొక్కేవాడు ఒకరు, కడిగేవారు ఒకరు అయితే, చూసేవారికి తొక్కే అవసరం లేదు, తొక్కేవానికి చూసే అవకాశం లేదు. ప్రయాణపు సుఖం ఒకరికి, దాని బురద మరొకరికి పంచిపెట్టినట్లయింది. ఈ పంపకం సైకిలుతో ఆగదు. తిన్న కంచం, విప్పిన చొక్కా, ఆ తరువాత తెచ్చిన అప్పు, చివరకు చేసిన తప్పు కూడా ఇంకెవరో కడుగుతారులే అనే మనస్సు ఇక్కడే అలవాటు పడుతుంది. "మగపిల్లవాడు, వానికెందుకు ఆ పని" అని మనం ముద్దుగా అనే మాట వానికి మేలు చేస్తున్నదా, కీడు చేస్తున్నదా?

అయితే ఒక న్యాయమైన అభ్యంతరం ఉన్నది. పొద్దుననగా పనికి పోయి, రాత్రి ఎనిమిది గంటలకు ఒళ్ళు హూనమై వచ్చే మనిషిని "నువ్వే తొక్కావు గనుక నువ్వే కడుక్కో" అనటం ధర్మమా? కానే కాదు. అటువంటి భర్త సైకిలును భార్య కడిగితే, తండ్రి సైకిలును కొడుకు కడిగితే అది ప్రేమ. కాని ప్రేమతో చేసేదానికీ, చేయక తప్పక చేసేదానికీ భేదం ఉన్నది. కానుకను కానుకగా గుర్తించేవాడు ఉన్నప్పుడే అది కానుక. గుర్తించనినాడు అదే వెట్టిచాకిరి అవుతుంది. కనుక కడగలేనివాడు చేయవలసినది ఒకటున్నది. తన బదులు ఎవరు కడిగారో తెలుసుకోవాలి. ఆదివారం నాడైనా తన వంతు తాను తీసుకోవాలి.

డబ్బిచ్చి షాపులో కడిగించటం, ఓవరాలింగ్ చేయించటం తప్పా అని మరికొందరు అడుగుతారు. తప్పు కాదు. అది ఒకరికి జీవనాధారం. అయితే బేరమాడి అతని కూలి తగ్గించి, పని అయ్యేదాకా అతన్ని పురుగును చూసినట్లు చూసేవాడు డబ్బిచ్చినా బాకీ తీర్చినట్లు కాదు. ఒక్కసారైనా తన చేతులకు గ్రీజు అంటించుకున్నవాడు ఆ కూలిని బేరమాడటానికి సంకోచిస్తాడని నా నమ్మకం.

దీనికి రెండో అంచు కూడా ఉన్నది. కొందరు సైకిలును రోజూ తుడుస్తారు, మెరుగు పెడతారు, గీత పడకుండా కాపాడతారు. పొరుగింటివాడు జ్వరంతో ఉన్న బిడ్డకు మందు తేవటానికి అడిగితే మాత్రం "టైర్లో గాలి లేదు" అంటారు. అటువంటివాని శుభ్రత ఎవరికి ఉపయోగం? వస్తువును కాపాడేది వాడటానికి, పదిమందికి పనికిరావటానికి. ఒకప్పుడు మన ఉపదేశులు ఊరూరూ తిరిగి జపాలు చెప్పింది సైకిళ్ళ మీదనే. అర్ధరాత్రి కబురు వస్తే ఎక్కి వెళ్ళటానికి అది సిద్ధంగా ఉండాలి. అందుకే దానికి ఆ శ్రద్ధ.

మన హైందవ సోదరులు దసరాలో ఆయుధపూజ నాడు సైకిళ్ళను, పనిముట్లను కడిగి అలంకరించటం మనం చూస్తూనే ఉన్నాం. తమకు అన్నం పెట్టే పనిముట్టును ఒకనాడైనా గౌరవంతో చూడాలనే ఆ భావం మెచ్చదగినది. మన ఇండ్లలో అది ఒక పండుగ కాకపోయినా రోజువారీ అలవాటు కావచ్చు.

దానికి పెద్ద ఖర్చేమీ లేదు. బురద పచ్చిగా ఉన్నప్పుడే కడిగితే అర బకెట్టు నీళ్ళు చాలు. ఎండిందంటే రెండు బకెట్లు పోసినా వదలదు. నీళ్ళ కోసం బిందెలతో వరుసలో నిలబడే ఊళ్ళలో ఇది చిన్న సంగతి కాదు. చక్రాల నడుమ ఇరుసు దగ్గర నీళ్ళు గట్టిగా కొట్టకూడదు. లోపలి గ్రీజు కొట్టుకుపోతే బాల్సు అరిగిపోతాయి. పొడిగుడ్డతో తుడిచి, చైనుకు నాలుగు చుక్కలు మిషను నూనె వేసి, మిగిలినది తుడిచివేయాలి. బ్రేకు పట్టే చోట మాత్రం నూనె తగలనీయకూడదు. ఆ జిడ్డు నీళ్ళను బావి గట్టునో, బోరింగు దగ్గరో పారబోయకూడదు. మన శుభ్రత పొరుగువారి మురికి కారాదు గదా!

తల్లిదండ్రులారా, పదేళ్ళ పిల్లవాడు ఈ పనంతా చేయగలడు, పదేళ్ళ పిల్ల కూడా చేయగలదు. మొదటి రెండు వారాలు మీరు పక్కన కూర్చుని చూపించండి. తరువాత వదిలిపెట్టండి. సరిగా కడగలేదని మీరే లేచి మళ్ళీ కడగవద్దు. పిల్లలు ఎదిగి ఆ సైకిలు చిన్నదైపోయిన రోజున దానిని ఏ పేద ఇంటి బిడ్డకో ఇవ్వదలచుకుంటే, గోడ పక్కన తుప్పు పట్టిపోయాక ఇవ్వకండి. మీ బిడ్డ చేతనే కడిగించి, నూనె వేయించి, టైర్లలో గాలి కొట్టించి, ఆ ఇంటిదాకా నడిపించుకొని వెళ్ళి ఇవ్వమనండి.